నాలుగో నిమ్మకాయ

పెదవాడపాలెం విమాన మ్యూజియంలో ఉన్నది ఒకే ఒక్క విమానం. దాన్ని బట్టే మా ఊరికి పేరు, దాన్ని బట్టే నాకు జీతం. నేను క్యూరేటరుని. మిగతా సిబ్బంది అంతా కలిపి సత్యవతి.

ప్రతి నెలా మొదటి తారీకున గేటు దగ్గరి బోర్డు మీద ‘వార్తలు’, ‘రాబోయే కార్యక్రమాలు’ అనే రెండు శీర్షికల కింద ఏదో ఒకటి రాసి, దాని ఫొటో పై ఆఫీసుకి పంపడం నా ముఖ్య విధి. కదలని విమానం గురించి నెలనెలా వార్త పుట్టించడం ఎంత కష్టమో పుట్టించినవాడికే తెలుస్తుంది. ఒక నెల ‘ఎడమ రెక్క కింద కందిరీగలు గూడు పెట్టినవి’ అని వార్త. గూడు తొలగింపు రాబోయే కార్యక్రమం. మరుసటి నెల గూడు తొలగించిన వార్త, తొలగించినవారికి సన్మానం రాబోయే కార్యక్రమం. సన్మానం వార్త కూడా అయిపోయి నేను దిక్కులు చూస్తున్న సమయానికి కందిరీగలు మళ్ళీ వచ్చి నన్ను ఆదుకున్నాయి.

నిజానికి మా మ్యూజియంలో రోజూ జరిగే అసలు కార్యక్రమాన్ని నేనెప్పుడూ బోర్డు మీద రాయలేదు. రాస్తే పై ఆఫీసువాళ్ళు వివరణ అడుగుతారు. అది సత్యవతి నడిపే కార్యక్రమం.

కాగితాల మీద సత్యవతి ‘వివరణకర్త’. పొరుగుసేవల పద్ధతిలో తీసుకున్నారు కాబట్టి ఎప్పుడైనా తీసెయ్యవచ్చు. వచ్చినవాళ్ళని విమానంలో కూచోబెట్టి దాని పొడవు, బరువు, రెక్కల విస్తీర్ణం అప్పజెప్పడం ఆమె పని. వచ్చేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, ఊడ్పులూ కోతలూ లేని రోజుల్లో నలుగురూ ఆటో కట్టించుకుని వస్తారు. చేరిన మొదటి వారంలోనే, రెక్కల విస్తీర్ణం దగ్గర వాళ్ళంతా ఆవులించడం చూసి సత్యవతి లెక్కలు ఆపేసింది. తలుపు వేసేసి, “అమ్మా, అందరూ బెల్టులు పెట్టుకోండి. కాశీ వెళ్తున్నాం” అంది.

అంతే. అప్పట్నించీ మా విమానం రోజుకి రెండుసార్లు కాశీ వెళ్ళొస్తోంది.

అది పాతకాలపు సరుకు రవాణా విమానం. ముందు రెండు చక్రాలు, తోక కింద ఒకటి. తోక నేలకి ఆనుకుని, ముక్కు ఆకాశం వైపు ఉంటుంది కాబట్టి లోపల కూచున్నవాళ్ళకి ఎప్పుడూ పైకి ఎగురుతున్నట్టే ఉంటుంది. ఇక ఎండాకాలం లోపల కూచుంటే ఇడ్లీ పాత్రలో కూచున్నట్టే. అయినా ఒక్కరూ మధ్యలో లేచేవారు కాదు. లోవమ్మ అనే ముసలావిడ మంగళవారం మంగళవారం వచ్చి కిటికీ పక్క సీటులో కూచునేది. “కుడిపక్క చూడండమ్మా, గోదారి” అని సత్యవతి అనగానే, రైల్లో వంతెన దాటేటప్పుడు వేసినట్టే, కొంగు ముడి విప్పి అద్దం ఊడిన కిటికీలోంచి ఒక రూపాయి బిళ్ళ విసిరి కళ్ళకద్దుకునేది.

“ఏవే సత్తెవతీ, మొన్న పడవలు కనపడ్డాయన్నావు. ఇయ్యాల లేవేటి?” అని అడిగేది.

“పొద్దున వాన పడింది కదమ్మా, రేవులో కట్టేశారు” అని సత్యవతి తడుముకోకుండా చెప్పేది.

ఇలా సుఖంగా కాశీ వెళ్ళొస్తున్న మా మీద ఆ శ్రావణమాసంలో ఒక సర్క్యులర్ పడింది.

దాని వెనక కథ ఇది. ప్రభుత్వ శాఖల్లో కొన్ని వాహనాలు కాగితాల మీదే తిరుగుతూ కాగితాల మీదే డీజిలు తాగుతున్నాయని పైవాళ్ళకి ఎవరో చెప్పారట. పైవాళ్ళు నివ్వెరపోయారు. పట్టుకోవడానికి ఒక మార్గం ఆలోచించారు. దసరాకి ప్రతి బండికీ ఆయుధపూజ చేస్తాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. కదలని బండి నిమ్మకాయని తొక్కలేదు. కనుక నిమ్మకాయ చితికిన ఫొటో పంపిన బండి ఉన్నట్టు, పంపనిది లేనట్టు. ఈ తెలివికి ‘ప్రభుత్వ వాహనముల సచేతనత్వ నిర్ధారణ విధానము’ అని పేరు పెట్టి, ఫోనులో ఒక యాప్ కూడా పెట్టారు.

మాకేం సంబంధం అని నేను ధీమాగానే ఉన్నాను. జాయింటు డైరెక్టరు పురుషోత్తం గారు స్వయంగా ఫోను చేసి ఆ ధీమా తీర్చారు. మ్యూజియం వస్తువు కొనడానికి ఆ రోజుల్లో శాఖ దగ్గర పద్దు లేదట. అందుకని విమానాన్ని ‘వాహనముల కొనుగోలు’ పద్దు కింద కొన్నారట. కనుక అది వాహనం.

“సార్, అది కదలదండి. కదలదు కాబట్టే మ్యూజియంలో ఉంది” అన్నాను.

“కదలనిచో అచేతన వాహనముగా ప్రకటింపబడి తుక్కు క్రింద వేలము వేయబడును” అన్నారాయన. పురుషోత్తం గారు ఫోనులో కూడా ఉత్తర్వులాగే మాట్లాడతారు. “విమానము లేనిచోట వివరణ దేనికి? వివరణకర్త సేవలు సైతము రద్దగును.”

మినహాయింపు కోరుతూ ఉత్తరం రాశాను. ‘మినహాయింపు కోరుట అచేతనత్వమునకు ప్రాథమిక సాక్ష్యముగా పరిగణింపబడును’ అని జవాబొచ్చింది. ఇక నోరు మూసుకున్నాను.

సత్యవతికి చెప్పడం నా వంతయింది. ఆమె విమానం మెట్ల మీద కూలబడింది. ఇద్దరు పిల్లల్ని ఈ ఉద్యోగం మీదే చదివిస్తోంది.

“నాకు ఇంకో పని రాదని కాదండి. కుట్టు మిషను వచ్చు. మా వీధిలో జాకెట్లన్నీ నేనే కుడతాను” అంది. “కానీ కుట్టు మిషను మీద ఎవర్నీ కాశీ తీసుకెళ్ళలేను కదండీ.”

ఆ మాటకి నేను సర్క్యులర్ మళ్ళీ తీశాను. సరే, కదిలిద్దాం అన్నాను.

మొదటి చిక్కు చక్రాల దగ్గరే వచ్చింది. సర్క్యులర్లో ‘నాలుగు నిమ్మకాయలు’ అని స్పష్టంగా ఉంది. మా విమానానికి చక్రాలు మూడే. నాలుగో నిమ్మకాయ సంగతేమిటని అడిగాను. ఆ ఫైలు రెండు శాఖలు తిరిగి, ఒక ఉపసంఘం ముందు కూచుని, లేచి వచ్చింది. ‘నాలుగవ నిమ్మకాయను చాలకుడు కుడిచేత ధరించవలెను. చాలకుడు లేని వాహనము వాహనము కాదు’ అని నిర్ణయం.

అయితే చాలకుడెవరు? మా శాఖలో పైలట్ ఉద్యోగం లేదు. భారీ వాహనం నడిపే లైసెన్సు ఉంటే చాలు, విమానము భారీగానే ఉన్నది కదా అని పురుషోత్తం గారు తేల్చి, బస్సు డిపోనుంచి అబ్బులు అనే డ్రైవర్ని డెప్యుటేషన్ మీద తెప్పించారు. అబ్బులు వచ్చి విమానం చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీటులో కూచుని, హారను ఎక్కడుందో వెతికాడు.

“ఏవండీ, బ్రేకు ఏదండి?”

“అది ఆగడానికి కదా అబ్బులూ. ముందు కదలనీ” అన్నాను.

“ఆయ్, అదీ నిజవేనండి” అని నిమ్మకాయ పట్టుకోవడం సాధన చేశాడు.

తర్వాత కలెక్టరాఫీసులో సమన్వయ సమావేశం. కదిలిన విమానం ప్రయాణం చేసినట్టే, ప్రయాణం చేస్తే అనుమతులు కావాలి అని ఎవరికో తట్టింది. పోలీసు అధికారి కాగితం తీసి, “ఎక్కడినుంచి ఎక్కడికి?” అన్నారు.

“నిమ్మకాయకి ఇవతలినుంచి అవతలికి సార్” అన్నాను.

ఆయన అదే రాసుకున్నారు. వాతావరణం వాళ్ళు ఆ రోజు గాలి ఎటు వీస్తుందో ముందుగా తెలియజేస్తామన్నారు. అగ్నిమాపక శాఖ ఒక బండి పంపుతామంది, అయితే ఆ బండి కూడా అదే రోజు తన నిమ్మకాయలు తను తొక్కుకోవాలి కాబట్టి మధ్యాహ్నం తర్వాత పంపుతామంది. ముందుజాగ్రత్తగా పెదవాడపాలెంలో ఆ రోజుకి గాలిపటాలు నిషేధించారు. ఆరోగ్య శాఖ ప్రతినిధి, ప్రయాణికులకి వాంతులైతే సంచులు తెప్పించాలా అని అడిగారు. దూరాన్ని బట్టి నిర్ణయిద్దామని పురుషోత్తం గారు వాయిదా వేశారు.

చివరి చిక్కు అన్నిటికన్నా పెద్దది. విమానం ఇంజన్లో మిగిలింది కందిరీగలు మాత్రమే. ట్రాక్టరుతో లాగిద్దామంటే, ‘వాహనము స్వశక్తితో కదలవలెను’ అని సర్క్యులర్. నేను తల పట్టుకున్నాను. పురుషోత్తం గారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని చిరునవ్వు నవ్వారు.

“వాహనము ఎవరిది? శాఖది. సిబ్బంది ఎవరు? శాఖవారు. శాఖ సిబ్బంది శాఖ వాహనమును లాగినచో అది శాఖ స్వశక్తియే” అన్నారు.

అంత గొప్ప వాక్యం విన్నాక ఇక అడగడానికేం ఉంటుంది! ఆ నెల బోర్డు మీద, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, దిక్కులు చూడకుండా రాశాను. రాబోయే కార్యక్రమాలు: దసరా నాడు విమానము నిమ్మకాయ మేర కదులును. అందరూ ఆహ్వానితులే.

అందరూ వచ్చేశారు. జీళ్ళ కొట్లు, బుడగల వాళ్ళు, రంగులరాట్నం అన్నీ వెలిశాయి. విమానానికి మామిడాకుల తోరణాలు కట్టి, రెక్కలకి పసుపు కుంకుమలు పెట్టి, పంకాకి బంతిపూల దండ వేశాం. చీకిపోయిన పాత టైర్లు తీసేసి ట్రాక్టరు టైర్లు బిగించాం. జిల్లా ఆఫీసునుంచి గుమాస్తాలూ సూపరింటెండెంట్లూ వచ్చి, రథోత్సవానికి వాడే మోకులు పట్టుకుని రెండు వరసల్లో నిలబడ్డారు. వాళ్ళలో కొందరు ఫైలుని ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి కదపడానికి ఆర్నెల్లు తీసుకునేవాళ్ళు. నాకు నమ్మకం కుదరలేదు.

పూజారి మంత్రాలు చదివి, గుమ్మడికాయ కొట్టి, మూడు చక్రాల ముందూ మూడు నిమ్మకాయలు పెట్టారు. నాలుగోది అబ్బులు చేతిలో ఉంది. అబ్బులు మాత్రం కదలనివ్వలేదు.

“రైట్ రైట్ అనేవాళ్ళు లేకుండా బండి తియ్యడం నాకలవాటు లేదండి” అని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

జనంలోంచి సత్యవతి ముందుకొచ్చింది. పొద్దున్నించీ ఆమె ముఖంలో నెత్తురు లేదు. చీర కొంగు నడుముకి దోపి, గొంతు సవరించుకుని, “రైట్ రైట్!” అంది.

గుమాస్తాలు గోవిందా అంటూ లాగారు. ముందు మోకులు కిర్రుమన్నాయి. తర్వాత సూపరింటెండెంట్లు కిర్రుమన్నారు. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా సిమెంటు దిమ్మల మీద నిద్రపోతున్న విమానం ఒళ్ళు విరుచుకుని కదిలింది. నిమ్మకాయలు చితికాయి. జనం ఈలలు వేశారు. లోవమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. సత్యవతి ఏడ్చేసింది. చెప్పడానికి సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

విమానంతో సహా ఫొటో తీసి యాప్ లో పెడితే, ‘చిత్రమునందు నిమ్మకాయ స్పష్టముగా లేదు’ అని తిప్పికొట్టింది. విమానం కనపడకుండా, చితికిన నిమ్మకాయలు మాత్రమే పడేలా దగ్గరగా తీసి పెడితే వెంటనే తీసుకుంది. ‘సచేతనము’ అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

రాష్ట్రమంతటా ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ప్రభుత్వ వాహనాల్లో కదలనిది ఒక్కటీ లేదని తేలింది. ఎప్పుడో దొంగలెత్తుకుపోయిన జీపు కూడా నాలుగు నిమ్మకాయలు తొక్కి ఫొటో పంపింది. కాగితాల మీది బండ్లన్నీ ముందుకన్నా ధైర్యంగా డీజిలు తాగడం మొదలుపెట్టాయి. మాకు ఉద్యోగాలు నిలిచాయి, విమానం నిలిచింది. సత్యవతి ఆ మంగళవారం కాశీతో పాటు గయ కూడా తిప్పింది.

ఆ సంతోషం కార్తీకం దాకా ఉంది.

కార్తీకంలో రెండో ఉత్తర్వు వచ్చింది. ‘సచేతనమని నిర్ధారింపబడిన వాహనమును నిరుపయోగముగా నిలిపి ఉంచుట నేరము. అట్టి వాహనములను అర్హులైన అధికారులకు తక్షణము కేటాయించవలెను.’ పురుషోత్తం గారు చాలాకాలంగా ఆఫీసు కారు కావాలని అడుగుతున్నారు. ఆ ఫైలు ఎవరి బల్ల మీదో నిద్రపోతోంది. రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. మా విమానాన్ని పురుషోత్తం గారి అధికార వాహనంగా కేటాయించారు. అబ్బులే డ్రైవరు.

రెక్కలు విప్పి ఒక లారీలో, మిగతాది ఇంకో లారీలో వేసుకుని జిల్లా ఆఫీసుకి పట్టుకుపోయారు. కార్ల షెడ్డులో ముక్కు మాత్రమే పట్టిందట. సత్యవతి లారీల వెనక గేటు దాకా నడిచి, ఆగిపోయింది.

“మనమే కదిలించామండి. ఊరుకుంటే సరిపోయేదేమో” అంది.

ఊరుకుంటే తుక్కు. కదిలిస్తే కారు. మధ్యలో మ్యూజియానికి మిగిలింది మూడు సిమెంటు దిమ్మలు, ఒక నూనె మరక. ఆ నెల వార్తల్లో ‘విమానము ఉద్యోగంలో చేరినది’ అని రాశాను. రాబోయే కార్యక్రమాలు ఏమీ తోచలేదు.

ఇది తెలియక మంగళవారం లోవమ్మ వచ్చింది. వెంట ఇంకో ఆటో నిండా చుట్టాలు. ఖాళీ స్థలం చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

“ఓసినీ! విమానం ఏదే?”

 సత్యవతి ఆఫీసులోంచి ప్లాస్టిక్ కుర్చీలు ఒక్కొక్కటే తెచ్చి నూనె మరకకి అటో వరస, ఇటో వరస వేసింది. మధ్యలో నడవడానికి దారి వదిలింది. ఎదరగా డ్రైవరుకి ఒక కుర్చీ విడిగా వేసింది.

“ఇదిగోనమ్మా. కూచోండి. బెల్టులు పెట్టుకోండి.”

ఒక్క క్షణం అంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోవమ్మ తిన్నగా వెళ్ళి తన కిటికీ పక్క సీటులో కూచుని, కొంగు తీసి నడుము చుట్టూ బిగించుకుంది. మిగతావాళ్ళూ కూచున్నారు. విమానం లేచింది.

అప్పట్నించీ విచిత్రంగా జనం పెరిగారు. కానీ విమానం లేని మ్యూజియంలో వివరణకర్త ఎందుకని పై ఆఫీసుకి అనుమానం రానే వచ్చింది. మళ్ళీ దసరా దగ్గర పడుతుండగా, తనిఖీ చేసి సత్యవతి సేవలు రద్దు చెయ్యడానికి పురుషోత్తం గారు బయలుదేరారు. విమానం ఉన్న అధికారికి కారు ఇవ్వకూడదు కాబట్టి ఆయన షేర్ ఆటోలో వచ్చారు. ముందు సీటులో డ్రైవరు పక్కన సగం కూచుని, సగం బయట ఉండి వచ్చారు.

వచ్చేసరికి విమానం గాల్లో ఉంది. నేను పరుగున ఎదురెళ్ళాను. ఆయన నన్ను దాటుకుని కుర్చీల పక్కకి వచ్చి, “ఏమిటీ సమావేశము?” అన్నారు. ఎవరూ తల తిప్పలేదు.

“కుడిపక్క చూడండమ్మా, గోదారి” అంది సత్యవతి. ఆమె ఆయన్ని చూసింది. అయినా విమానాన్ని దింపలేదు.

లోవమ్మ కొంగు ముడి విప్పి రూపాయి విసిరింది. అది తిన్నగా పోయి పురుషోత్తం గారి బూటు మీద పడింది.

“గోదాట్లో నిలబడ్డావేటి బాబూ? కొట్టుకుపోతావు. ఇవతలకి రా” అంది లోవమ్మ.

పురుషోత్తం గారు గబుక్కున పక్కకి తప్పుకున్నారు. తప్పుకున్నాక, ఎందుకు తప్పుకున్నారో తెలియక నా వైపు చూశారు.

ఇదే అదనని నాకు తోచింది. “సార్, ఇది మా విమానం” అన్నాను.

“విమానము నాకు కేటాయింపబడినది కదా!”

“అది వాహనాల పద్దులోది సార్. బదిలీ ఉత్తర్వు ఆ పద్దుకే వచ్చింది. మ్యూజియం స్టాకు రిజిస్టరులో విమానం అలాగే ఉంది. తీసెయ్యమని ఎవరూ రాయలేదు.”

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.  సత్యవతి కాశీ దారిలోనే ఆగిపోయింది.

“స్టాకులో ఉన్నచో ఉన్నట్లే” అన్నారు చివరికి. “అయితే సచేతనత్వము?”

“నిమ్మకాయలు తెప్పించాను సార్.”

నిజానికి అవి మజ్జిగలోకి తెప్పించినవి. మూడు దిమ్మల ముందూ మూడు పెట్టాను. సత్యవతి రైట్ రైట్ అనగానే లోవమ్మా, ఆవిడ చుట్టాల్లో ఇద్దరూ లేచి వచ్చి మడమలతో ఒక్కొక్కటీ చితక్కొట్టారు. నిమ్మకాయలు మాత్రమే పడేలా దగ్గరగా ఫొటో తీసి పెట్టాను. యాప్ ఒక్క క్షణం ఆలోచించి, ఈ ఏడు కొత్తగా, ఒక ఖాళీ కుర్చీ బొమ్మ చూపించింది. కింద ఒక ప్రశ్న: ‘నాలుగవ నిమ్మకాయ ధరించిన చాలకుడు ఎక్కడ?’

అబ్బులు జిల్లా ఆఫీసులో ఉన్నాడు. ఎదరి కుర్చీ ఖాళీగా ఉంది. ప్రయాణికులందరూ పురుషోత్తం గారి వైపు చూశారు. ఆయన అటూ ఇటూ చూసి, నా చేతిలోని నిమ్మకాయ తీసుకుని, వెళ్ళి ఆ కుర్చీలో కూచున్నారు. కుడిచేత్తో నిమ్మకాయ పట్టుకున్నారు. ఆ ఫొటో తీసి పెట్టాను. యాప్ ఆకుపచ్చగా వెలిగింది.

“అమ్మా, మన పైలట్ గారు పురుషోత్తం గారు” అని సత్యవతి ప్రకటించింది. ఆ గొంతులో మళ్ళీ పాత ధాటి వచ్చింది. “ఇంకాసేపట్లో కాశీలో దిగుతాం.”

“పాతదాని కంటే ఇదే నయవే. చెమట పట్టట్లేదు” అని లోవమ్మ చుట్టాలతో అంది. తర్వాత ముందుకి వంగి, “బాబూ, కొంచెం మెల్లిగా పోనీ. గంగలో కూడా డబ్బులెయ్యాలి” అంది.

పురుషోత్తం గారు వెనక్కి తిరక్కుండా, చేతిలోని నిమ్మకాయని జాగ్రత్తగా పట్టుకుని, “అలాగేనమ్మా” అన్నారు. ఏ ఫైలూ అడక్కుండా ఆయన ఒక మనవి మన్నించడం నా సర్వీసులో నేను చూసింది అదొక్కసారే.